ఏడు పత్రాలు

అమీర్‌పేట మెట్రో మెట్ల కింద
కరపత్రాలు పంచే పిల్లాడు
నా చేతిలో ఒకేసారి నాలుగు కుక్కాడు.
జావా ఉంది, పైథాన్ ఉంది,
నలభై రోజుల్లో ఇంగ్లిష్ ఉంది,
వీసా ఇంటర్వ్యూలో ఎంతవరకు నవ్వాలో
నేర్పే కోర్సు కూడా ఉంది.
"అమెరికా చరిత్ర చెప్పేవాళ్ళున్నారా బాబూ?"
వాడు మైత్రీవనం వైపు చూశాడు,
మళ్ళీ నా వైపు చూశాడు.
"అమెరికా పోనీకైతే చెప్తరు మేడమ్.
అమెరికా ఎట్లొచ్చిందో ఎవరికి గావాలె?"

మా తన్మయికి కావాలి.
కోకాపేటలో వాళ్ళ బడి మొత్తానికి
ఆ సబ్జెక్టు ఎంచుకున్నది ఇదొక్కతే.
ఒక్క పిల్ల కోసం టీచర్ని పెట్టలేమన్నారు.
పరీక్ష మాత్రం రాసుకోనిస్తారట, మే నెలలో,
ఆవకాయ ముక్కలు తుడిచి ఆరబెట్టే వారంలో.
కాలిక్యులస్ తీసుకోవచ్చు కదా అని వాళ్ళ నాన్న
పెరుగన్నం కలుపుతూ రోజుకొకసారి అంటాడు.

మాదాపూర్‌లో ఒకాయన గంటకు మూడు వేలన్నాడు,
అధ్యక్షుల పేర్లు వరసగా బట్టీ పట్టిస్తాడట, వెనక నుంచి కూడా.
ఒహాయో నుంచి ఒకమ్మాయి
మనకు తెల్లారి నాలుగింటికి తెర మీదికి వచ్చింది, రెండు రోజులు.
మూడో రోజు మేమిద్దరం మా మొహాలే చూసుకున్నాం.
దిల్‌సుఖ్‌నగర్ గ్రూప్స్ కోచింగ్ సారు
"శాతవాహనులైతే ఇప్పుడే మొదలెడదాం" అన్నాడు,
పాపం, నిజాయితీగానే.

చివరికి కోఠిలో పాత పుస్తకాలాయన
బూజు దులుపుతూ చెప్పాడు:
"ఈ అమెరికా బుక్కులన్నీ నాకమ్మిన మేడమ్
మలక్‌పేటలుంటది.
అమ్మింది, వారం కాకముందే వచ్చి
రెండు మళ్ళ కొనుక్కపోయింది."

ఖుర్షీద్ మేడమ్.
ముప్పై ఏళ్ళు కాలేజీలో పాఠం చెప్పిన గొంతు,
కూలర్ గడ్డి వాసన వేసే గది.
ఫీజెంతంటే వినిపించుకోలేదు.
"మీ ఊర్ల ఏం పండిస్తరు బేటా?"
తన్మయి నా వైపు చూసింది.
జమ్మికుంట దగ్గర, పత్తి, అన్నాను నేనే.
"హా. గక్కడికెల్లి మొదలువెడదాం."

అక్కడ ఉత్తరానికీ దక్షిణానికీ యుద్ధమొచ్చి
ఓడలు ఆగిపోతే
ఇంగ్లండు మిల్లుల కళ్ళు మన వైపు తిరిగాయట.
పత్తి ధర అటకెక్కిందట.
యుద్ధం ఆగగానే నిచ్చెన లాగేశారట.
"ఆడ పత్తి ఏరెటోళ్ళను సంతల కొన్నరు.
ఈడ వెట్టి అన్నరు. రెండూ ఒకటి గాదు,
తేడా రాయ్.
నీకెందుకు పోల్చబుద్ధయిందో, అది గూడ రాయ్."

పరీక్షలో ఏడు పత్రాలిస్తారట:
ఒక ఉత్తరం, ఒక చట్టం, ఒక కార్టూన్, అట్లా.
"ఏ కాగితాన్నైనా మూడడుగు.
ఎవరు రాసిన్రు. ఎవరి కోసం రాసిన్రు.
ఏం రాయకుండ ఊకున్నరు."

గడప దగ్గర కుర్చీలో నేను,
ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు,
కూరగాయల చీటీ వెనక నా పెన్ను
నన్నడక్కుండానే రాసుకుంటోంది.

తిరుగు రైల్లో తన్మయి
నా బ్యాగులోంచి కరపత్రం లాగింది.
"నూరు శాతం గ్యారంటీ! ఎవరు రాశారమ్మా?
ఎవరి కోసం? ఏం రాయలేదు?"
ఒకటే నవ్వు.
అమీర్‌పేటలో రైలు మారుతుంటే ఉన్నట్టుండి అడిగింది,
"నువ్వు ఇంటర్‌లో ఏం గ్రూపు?"

నా పెళ్ళి సంబంధాల కాగితంలో
'ఇంటర్' అని రాసి చుక్క పెట్టించాడు మా నాన్న.
ఆ చుక్క వెనక నేను
పంతొమ్మిదేళ్ళు బాగానే కాపురం చేశాను.

"హెచ్ఈసీ," అన్నాను.
తలుపులు మూసుకునే బీప్ మీదుగా
కాస్త గట్టిగానే వినపడింది.
"హిస్టరీనా? మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

మధురానగర్ వచ్చింది.
యూసఫ్‌గూడ వచ్చింది.
నేనింకా మొదటి వాక్యం వెతుక్కుంటున్నాను.